వైన్ షాపులో దొరకని వైన్



మన మండల కేంద్రాల్లో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే కనిపించే బోర్డు "వైన్స్". లోపల క్వార్టర్లు, హాఫ్‌లు, బీర్లు వరసగా పేర్చి ఉంటాయి. ద్రాక్షపళ్లతో చేసే అసలు వైన్ మాత్రం చాలా షాపుల్లో ఒక్క సీసా కూడా ఉండదు. ఉన్నా దుమ్ము పట్టి ఏ మూలో పడుంటుంది. పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. మన ఏజెన్సీలో తాగుడు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ బోర్డే గుర్తొస్తుంది. మనకి తెలిసిన తాగుడు ఒకటి, ఇప్పుడు మన మధ్యలోకి వచ్చి కూర్చున్నది ఇంకొకటి.

నాది రంపచోడవరం వైపు కొండల్లో ఒక చిన్న ఊరు. కొండరెడ్లం. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి ఆరేళ్లుగా బెంగళూరులో ఒక రెస్టారెంటులో పని చేస్తున్నాను. ఇప్పుడు నా పని వైన్. ఏ వంటకి ఏది బాగుంటుందో కస్టమర్లకి చెప్పడం, పోయడం, సీసాలు చూసుకోవడం. సెలవులకి ఊరొస్తే కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు, "అన్నా, వైన్‌లో ఏముంటది? అంత ఖరీదెందుకు?" అని. ఆ ప్రశ్నకి జవాబుతో పాటు, అది నేర్చుకుంటుంటే మన గురించి నాకు అర్థమైన సంగతి కూడా రాస్తున్నాను.

ముందే ఒక మాట. తాగని వాళ్లు ఈ పోస్టు చదివి మొదలుపెట్టాల్సిన అవసరం అస్సలు లేదు. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం అని చెప్పగలిగే కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండకుండా మందు కొనకూడదు. ఇంటర్, డిగ్రీ మొదటి ఏళ్లలో ఉన్న తమ్ముళ్లు ఇందులో సమాచారం మాత్రం తీసుకోండి.

మా ఇంట్లో ఈ విషయం సరదా విషయం కాదు. మా చిన్నాన్న నలభై రెండేళ్లకే పోయాడు. లివర్. వెదురు పని అంత బాగా చేసే మనిషి మా చుట్టుపక్కల ఊళ్లలో లేడు. రోడ్డు పనికి పోయినప్పుడు మేస్త్రీ కూలి డబ్బుల్లో కొంత కోసుకుని సాయంత్రం క్వార్టర్ సీసా చేతిలో పెట్టేవాడు. అలా మొదలై ఎనిమిదేళ్లలో అయిపోయింది. ఆయన పోయాక మా అమ్మ నాతో ఒకే మాట అంది: "ఆ సీసా జోలికి పోకురా అయ్యా." అలాంటి ఇంట్లోంచి వచ్చిన నాకు, రెస్టారెంటులో రెండో ఏడు మేనేజర్ వచ్చి "నిన్ను వైన్ ట్రైనింగ్‌కి పంపుతున్నాం" అన్నప్పుడు ఏం చెప్పాలో తెలీలేదు. అప్పటికే అక్కడొక సీనియర్ నా ఊరు, కులం తెలుసుకుని, "మీవాళ్లకి ట్రైనింగ్ ఎందుకు, పుట్టుకతోనే వస్తది కదా" అని నవ్వాడు. ఆ నవ్వు మీలో చాలామంది హాస్టళ్లలో, ఆఫీసుల్లో వినే ఉంటారు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. రుచి చూసి ఉమ్మేస్తారమ్మా, మింగరు, ఆ పని చేసేవాళ్లంతా అలాగే చేస్తారు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉమ్మేసే దానికి అంత డబ్బు పోసి కొనడమెందుకురా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. "సరే. పని పనిలా చెయ్యి" అంది.

ట్రైనింగ్ ఇవ్వడానికి నాసిక్ నుంచి ఒక మేడమ్ వచ్చారు. మన దేశంలో వైన్ ద్రాక్షకి నాసిక్ పెద్ద కేంద్రం. యూరప్‌లో ద్రాక్ష కోత ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య ఉంటుంది. మన దగ్గర ఆ నెలల్లో వానలు కాబట్టి, వానలు వెనకబడ్డాక తీగ కత్తిరించి, జనవరి నుంచి మార్చి లోపల కోస్తారు. ద్రాక్ష తొక్క తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడితే తెల్ల వైన్. నల్ల ద్రాక్షని తొక్కతో సహా పులియబెడితే ఎర్ర వైన్. తొక్కని కొన్ని గంటలే ఉంచి తీసేస్తే గులాబీ రంగు వైన్, దాన్ని రోజే అంటారు. ఈస్ట్ రసంలో ఉన్న తీపిని తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. అంతే సంగతి. మన కల్లు కుండలో జరిగేదీ అదే.

మేడమ్ మూడు గ్లాసులు పెట్టి వాసన చూసి చెప్పమన్నారు. నా పక్కనున్న సిటీ కుర్రాళ్లు పుస్తకంలో చదివిన మాటలు గబగబా చెప్పేశారు. బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ, ప్లమ్. నేనా పళ్లు పుట్టి చూడలేదు. వాళ్లలోనూ సగం మంది చూసి ఉండరు. నా వంతు వచ్చింది. మూడో గ్లాసు నోట్లో పెట్టుకుంటే చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు పట్టేసినట్టు అయ్యింది. "కరక్కాయ" అన్నాను తెలుగులోనే. మేడమ్‌కి అర్థం కాలేదు. అడవిలో ఏరి జీసీసీకి అమ్ముతాం, దగ్గొస్తే బుగ్గన పెట్టుకుంటాం, తోలు పదును చెయ్యడానికి కూడా వాడతారు అని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. హిందీలో దాన్ని హరడ్ అంటారట. "నువ్వు చెప్పింది సరిగ్గా టానిన్" అన్నారు. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వచ్చే వగరుకి టానిన్ అని పేరు. తోలు పదును చేసే పని నుంచే ఆ పేరు వచ్చింది. కరక్కాయలో నిండా ఉండేది అదే.

ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. వైన్ రుచి తెలుసుకోవడానికి కావలసింది ఇంగ్లీషు మాటలు కాదు, జ్ఞాపకంలో ఉన్న వాసనలు. ఆ విషయంలో మనకంటే ఆస్తిపరులు ఎవరు? నేరేడు, తునికి, మోర్రి, ఈత, అడవి ఉసిరి, ఎండిన ఇప్పపువ్వు, తొలకరికి తడిసిన మట్టి, ఎండు వెదురు ఆకుల పొగ. ఇవన్నీ చిన్నప్పుడే ముక్కుకి తెలిసిపోయాయి. కాబట్టి నేను నా లెక్క రాసుకున్నాను. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ అంటే దోరజామ, కోసిన పచ్చగడ్డి, తుంచిన పచ్చిమిరపకాయ తొడిమ. షెనిన్ బ్లాంక్ అంటే బాగా పండిన పనస తొన, కొంచెం అనాస. షిరాజ్ అనే ఎర్ర వైన్ అంటే నేరేడుపండు, పైన చల్లిన మిరియాల పొడి. ఈ మిరియాల సంగతి ఉత్త ఊహ అనుకోకండి. రోటండోన్ అనే పదార్థం వల్ల మిరియాలకి ఆ ఘాటు వాసన వస్తుంది, షిరాజ్ ద్రాక్షలో ఉన్నది కూడా అదే అని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. మారేడుమిల్లి వైపు కాఫీ తోటల్లో మిరియాలు ఏరిన పిల్లలు ఆ వాసనని కళ్లు మూసుకుని పట్టేస్తారు.

రుచి చూసే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. గ్లాసులో మూడోవంతుకి మించి పోయకండి. పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది. నెమ్మదిగా తిప్పి ముక్కు దగ్గర పెట్టుకోండి. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిరగనివ్వండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తీపి ఉందా? పులుపు ఎంత, అంటే మింగాక నోట్లో నీళ్లు ఊరుతున్నాయా? వగరు ఎంత? చిక్కదనం ఎలా ఉంది, పలచటి మజ్జిగలాగా ఉందా, అంబలిలాగా ఉందా? ఆఖర్న, మింగాక ఆ రుచి ఎంతసేపు నిలుస్తుందో చూడండి. తొందరగా పోతే మామూలుది. చాలాసేపు ఉండి, ఉన్నకొద్దీ మారుతుంటే మంచిది. ఇవి పట్టించుకుంటే గ్లాసు ఖాళీ అవడానికి ముప్పావు గంట పడుతుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. రుచి చూసేవాడు తొందరగా తాగలేడు.

ఇది నేర్చుకున్నాక సంక్రాంతి సెలవులకి ఊరొచ్చి తాతతో జీలుగు చెట్టు దగ్గరికి వెళ్లాను. తాతకి డెబ్బై దాటాయి, చెట్టెక్కడం మానేశాడు, మావయ్య ఎక్కుతాడు. కుండ దించి సొరకాయ బుర్రలోకి వంచగానే తాత మొదట నాలుగు చుక్కలు నేలమీద పోసి పెద్దోళ్లని తలుచుకున్నాడు. తర్వాత వాసన చూశాడు. ఆకు దొప్పలో కొంచెం పోసుకుని నోట్లో తిప్పాడు. "ఇది రాత్రి కుండ. నిన్న గెల సరిగ్గా గీయలేదు, పులుపు ముందే వచ్చేసింది" అన్నాడు. పైనుంచి మావయ్య "అవును, నిన్న పొద్దుపోయాక గీశాను" అన్నాడు. నేను చేతిలో దొప్ప పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాసన చూడటం, నోట్లో తిప్పడం, ఎప్పటిదో ఎలా తీశారో చెప్పడం. బెంగళూరులో డబ్బు కట్టి నేర్పించిన పని మా తాత పుట్టి పెరిగిన చెట్టు కిందే చేస్తున్నాడు.

జీలుగు గురించి తెలియని వాళ్లకి కొంచెం చెప్తాను. ఈ చెట్టు పూతకి రావడానికి పదేళ్లకి పైనే పడుతుంది. గెలలు పైనుంచి మొదలై ఒకదాని తర్వాత ఒకటి కిందికి వస్తాయి. ఆఖరి గెల అయిపోతే చెట్టు చచ్చిపోతుంది. గెల కొసని పొద్దునా సాయంత్రం పలచగా చెక్కి కుండ కడతారు. పొద్దుటి కల్లు తీపి, ఎండ ఎక్కేకొద్దీ పులుపూ మత్తూ పెరుగుతాయి. కుండలో సున్నం పూస్తే పులవకుండా నీరాగా ఉంటుంది, పిల్లలూ తాగుతారు. చచ్చిన చెట్టు మొదలు చీల్చి లోపలి మెత్తటి భాగాన్ని దంచి పిండి తీసి జావ కాచుకుని కరువు రోజులు గట్టెక్కారు మన పెద్దోళ్లు. మన కొండల్లో తిరిగి 1945లో కొండరెడ్ల మీద పుస్తకం వేసిన హైమెండార్ఫ్ కూడా ఈ చెట్టు గురించి రాశాడు. తాగుడు, తిండి, చెట్టు వయసు, రుతువు, పెద్దోళ్ల తలంపు అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. చెట్టు ఎంత ఇస్తే అంతే. సీజన్ అయిపోతే లేదు. నలుగురూ చేరితేనే కుండ దిగుతుంది. హద్దు ఆ ఏర్పాటులోనే ఉంది.

క్వార్టర్ సీసాకి ఈ హద్దులేవీ లేవు. లెక్క చూడండి. వైన్ గ్లాసు 150 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 12 శాతం అనుకుంటే 18 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ మన దగ్గర 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. అంటే నాలుగు గ్లాసుల వైన్ కన్నా ఎక్కువ. మూడు గంటలు కూర్చుని తాగాల్సినంత మత్తుని మా చిన్నాన్న రోడ్డు పక్కన నిలబడి, ఖాళీ కడుపుతో, పది నిమిషాల్లో తాగేసేవాడు. వాసన చూడటానికి అందులో ఏముంది? ముక్కు మూసుకుని మింగడమే. రుచి లేనిదాన్ని మత్తు కోసం తప్ప ఇంకెందుకూ తాగరు. మనవాళ్లు పుట్టుకతో తాగుబోతులు అని నవ్వేవాళ్లకి నేను ఇప్పుడు చెప్పే జవాబు ఇదే: మా దగ్గర రుచీ కొలతా ఉన్న తాగుడు ఉండేది, రెండూ లేని సీసాని కూలి డబ్బుల్లో కోసి మా చేతిలో పెట్టారు.

అలాగని పాతదంతా బంగారం అనను. కల్లు తాగి కొట్టుకున్నవాళ్లూ ఉన్నారు, భార్యని కొట్టినవాళ్లూ ఉన్నారు. మత్తు మత్తే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారాని నిషేధించేదాకా వెళ్లిందంటే, ఇళ్లల్లో ఎంత ఏడుపు ఉంటే వెళ్లింది? మా అమ్మ మాట కూడా ఆ ఏడుపులోంచి వచ్చిందే. కాబట్టి తాగడం మన సంస్కృతి అని చొక్కా ఎగరేసే వాళ్లతో నేను లేను. ఏం తాగుతున్నాం, ఎంత, ఎవరితో, ఎందుకు అన్నది తెలుసుకోవడమే సంస్కృతి. ఆ తెలివి లేకపోతే మిగిలేది అలవాటు మాత్రమే.

ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లో 1935 నుంచి చట్టం ఉంది. ఫలానా ఊరి పేరు సీసా మీద ఉండాలంటే ద్రాక్ష ఆ ఊరిదే అయ్యుండాలి, అక్కడి పద్ధతిలోనే చెయ్యాలి. రైతు పండించిన నేలకి పేరు దక్కింది, పేరుకి ధర దక్కింది. గోవా వాళ్లు జీడిమామిడి పండుతో చేసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మన అరకు కాఫీకి 2019లో వచ్చింది. మరి జీలుగు కల్లుకి? ఇప్పపువ్వుకి? మన దగ్గర ఏ కొండ జీలుగు తియ్యగా ఉంటుందో, ఏ వాగు పక్క చెట్టు పలచగా ఇస్తుందో చెప్పగలిగిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. చెట్లు కూడా తగ్గిపోతున్నాయి. నరకడం సులువు, పదేళ్లు పెంచడం కష్టం. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నిషేధించడానికి గానీ, అదుపు చెయ్యడానికి గానీ గ్రామసభకి అధికారం ఇవ్వాలని చెప్పింది. మన ఊళ్లో బెల్టు షాపు ఉండాలా వద్దా అన్న మాట గ్రామసభలో లేవనెత్తడానికి చదువుకున్న మనం నోరు విప్పాలి. జీలుగు విత్తనాలు నాటడం కూడా ఆ సభలోనే మాట్లాడుకోవచ్చు.

ఇక ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, వయసు వచ్చినవాళ్లు, ఎలాగూ తాగేవాళ్లు అడిగే ప్రశ్నకి జవాబు. మొదటి జీతంతో ఖరీదైన సీసా కొనకండి. వెయ్యి రూపాయల లోపు మన దేశపు సీసా చాలు. 750 మిల్లీలీటర్ల సీసాలో అయిదు గ్లాసులు వస్తాయి. నలుగురు పంచుకోండి, తిండితో తాగండి. పుస్తకాల్లో ఎర్ర వైన్ గది వేడిలో ఇవ్వాలి అని ఉంటుంది. అది చలిదేశపు గది. మన 35 డిగ్రీల గదిలో పెడితే కషాయంలా ఉంటుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. తెల్లది ఇంకా చల్లగా ఉండాలి. మూత తీసిన సీసాకి బిరడా పెట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది, ఆ తర్వాత పులిసి వెనిగర్ వైపు పోతుంది. కాబట్టి ఒక్క రాత్రిలో అయిపోగొట్టాల్సిన తొందర లేదు.

తిండి విషయంలో మన నాలుకే గురువు. కారం ఎక్కువున్న కూరతో వగరు ఎక్కువున్న ఎర్ర వైన్ తాగితే మంట రెట్టింపవుతుంది. దానికి కొంచెం తీపున్న షెనిన్ బ్లాంక్ బాగుంటుంది. చేపల పులుసుకి సావిన్యాన్ బ్లాంక్. ఎండుచేపతో ఎర్ర వైన్ వద్దు, నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. మన బొంగులో చికెన్‌కి, కారం తగ్గించి చేస్తే, చల్లబరిచిన షిరాజ్ బాగా కుదురుతుంది. వెదురు పొగ, మిరియాలు ఒకదానికొకటి చుట్టాల్లా ఉంటాయి. మా రెస్టారెంటులో ఒకసారి సిబ్బంది భోజనానికి నేనే వండి ఈ రెండూ కలిపి పెట్టాను. పుట్టుకతోనే వస్తది అన్న సీనియర్ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. నేనేమీ అనలేదు.

నా లెక్క చెప్తాను. పనిలో రుచి చూసేదంతా ఉమ్మేస్తాను. ఇంట్లో నెలకి ఒక సీసా, రూమ్మేట్స్‌తో పంచుకుని. కోపంగా ఉన్న రోజు, బాధగా ఉన్న రోజు గ్లాసు ముట్టుకోను. ఆ రోజు నాలుకకి రుచి తెలియదు, తెలియనప్పుడు తాగి లాభం లేదు. ఒక గ్లాసు తాగకపోతే చేతులు వణికే పరిస్థితి మీకు గానీ మీ ఇంట్లో వాళ్లకి గానీ ఉంటే ఈ రుచుల గోల పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మా చిన్నాన్నని తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది.

చివరిగా ఒక కోరిక. నా నోట్‌బుక్‌లో రుచుల మాటలు రాసుకుంటున్నాను. తెలుగులో వగరు అనే ఒక్క మాట ఉంది. కరక్కాయ వగరు వేరు, పచ్చి తునికి వగరు వేరు, పిందె జామ వగరు వేరు. కోయలో, గోండిలో, సవరలో, కువిలో, కోలామీలో వీటికి విడివిడిగా మాటలు ఉన్నాయా? ఉంటే ఇంట్లో పెద్దోళ్లని అడిగి, ఏ భాషో ఏ ఊరో చెప్పి ఇక్కడ రాయండి. అవ్వ, తాత ఉన్నప్పుడే అడగండి.